పిల్లల అనుభవాలకు మార్కులు వేసిన తొమ్మిది రోజులు

ఫిబ్రవరి 2న మెయిల్ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన స్వీయానుభవ వ్యాసాలు దిద్దాలి, మూడు రోజులు శిక్షణ, ఆ తర్వాత తొమ్మిది రోజులు పని, వీలవుతుందా అని. పదిహేనేళ్లుగా పేపర్లు దిద్దుతున్న చెయ్యి నాది. ఇందులో కొత్తగా నేర్పేదేముంటుంది, అదీ మూడు రోజులపాటు, అనుకుంటూనే సరేనని రాసేశాను. ఇలాంటి పిలుపు మీకూ వస్తే ముందుగా తెలిసుంటే బాగుండే సంగతులు కొన్ని ఉన్నాయి. నాకైతే ఎవరూ చెప్పలేదు. వెళ్లగానే విషయాలు బయటపెట్టబోమని సంతకం చేయించుకున్నారు. అందుకని ఇక్కడ చెప్పే పిల్లల కథల్లో వివరాలు మార్చేశాను, ప్రశ్నను కూడా కాస్త మార్చాను.

9వ తేదీ సోమవారం పొద్దున హాల్లో ఇరవై నాలుగు మందిమి కూర్చున్నాం. రూబ్రిక్, అంటే ఎలాంటి రాతకు ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, పంచుతారని చూస్తుంటే తెల్లకాగితాలు పంచారు.

“పిల్లలకిచ్చిన ప్రశ్నే మీకూ. మీరు మనసు మార్చుకున్న ఒక సందర్భం గురించి రాయండి. ఏం జరిగింది, అది మీకెందుకు ముఖ్యం. నలభై నిమిషాలు” అంది మా టీమ్ లీడర్.

నా పక్కన రిటైరైన మాస్టారొకరు ఉన్నారు. “ఇదేంటండీ, మనకు పరీక్షా?” అని నవ్వి పెన్ను తీశారు. నేను మొదటి పది నిమిషాలూ కాగితం వంక చూస్తూనే ఉన్నాను. నా జీవితంలో మనసు మార్చుకున్న సందర్భాలు లేక కాదు. నలుగురికీ చెప్పుకోదగ్గది ఏదా అని. చివరికి ఒకప్పుడు ఉద్యోగం మానేద్దామనుకుని మానకపోయిన సంగతి ఎత్తుకున్నాను. ఎప్పుడు చేరాను, ఎక్కడ చేరాను, హెడ్మాస్టరు ఎలాంటివారు, ఇవన్నీ రాసుకుంటూ పోయి అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ముప్పై ఐదో నిమిషం. ఇక ఆలోచించే టైమ్ లేదు. “ఆ రోజు నుంచి నా వృత్తిని ప్రేమించడం నేర్చుకున్నాను” అని ఒక వాక్యం పడేసి కాగితం ఇచ్చేశాను.

మర్నాడు ఆ కాగితాలకు పేర్లు తీసేసి నంబర్లు వేసి మాలో మాకే పంచి దిద్దించారు. నాది ఎవరికి వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. విషయాన్ని విప్పి చెప్పడానికి నాలుగుకి రెండు వేశారు. మార్జిన్‌లో పెన్సిల్‌తో “అయితే ఏంటి?” అని ఉంది. అది చూసి చెవులు వేడెక్కాయి. తప్పు పట్టడానికేమీ లేదు, కానీ ఆ మధ్యాహ్నమంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పిల్లల నోటుబుక్కుల్లో అలాంటి ముక్కలు ఎన్ని రాసుంటానో అని లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

శిక్షణ మొదటి రోజే మా ధీమా తీసేశారు. 1961లో అమెరికాలో పరీక్షల మీద పరిశోధన చేసే పాల్ డీడ్రిక్, ఆయన సహచరులు 300 వ్యాసాలను 53 మందికిచ్చి, ఎవరి తీరున వాళ్లు తొమ్మిది మెట్లుగా వేరుచేయమన్నారట. చదివినవాళ్లలో కాలేజీ అధ్యాపకులు, సంపాదకులు, లాయర్లు, వ్యాపార సంస్థల అధికారులు ఉన్నారు. ఆ 300లో 101 వ్యాసాలకు తొమ్మిదికి తొమ్మిది రకాల గ్రేడ్లూ వచ్చాయి. ఐదు రకాలకన్నా తక్కువ గ్రేడ్లు వచ్చిన వ్యాసం ఒక్కటి కూడా లేదు. అంటే ఒకాయన చేతిలో అడుగున పడ్డ కాగితమే ఇంకొకాయన చేతిలో అందరికన్నా పైన ఉంది. మాస్టారు నా వైపు వంగి, “నలభై ఏళ్లు నేను వేసిన మార్కులన్నీ ఏమైనట్టండీ?” అన్నారు. తమాషాకే అన్నారు గానీ నవ్వు రాలేదు.

అప్పుడిచ్చారు రూబ్రిక్. మూడు అంశాలు. విషయాన్ని విప్పి చెప్పిన తీరు నాలుగుకి, కూర్పు నాలుగుకి, భాషాదోషాలు మూడుకి. ఒక్కో అంకెకు రెండు మూడు వాక్యాల వివరణ. చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. “అనుభవాన్ని తగినన్ని వివరాలతో చెప్పారు” అంటే మూడు, “కొన్ని వివరాలతో చెప్పారు” అంటే రెండు. తగినన్ని ఎన్ని, కొన్ని ఎన్ని? ఆ మాటల దగ్గరే ఇరవై నాలుగు మందిమీ ఇరవై నాలుగు దారులు పట్టాం. దాన్ని తేల్చడానికే యాంకర్ పేపర్లు ఉంటాయి. ఒక్కో అంకెకు రెండు మూడు నమూనా వ్యాసాలు, పక్కన ఆ అంకె ఎందుకు వేశారో వివరణ. మొదట్లో నేను రూబ్రిక్‌నే చూస్తూ యాంకర్లను పక్కన పెట్టేశాను. అది పొరపాటు. మాటలు ఎటైనా లాగితే సాగుతాయి, నమూనా సాగదు. మూడో రోజు నుంచి ఈ పేపరు ఏ యాంకర్‌కు దగ్గరగా ఉంది అని చూసుకోవడం మొదలుపెట్టాక కొంచెం కుదుటపడ్డాను.

నా కాగితం మీది “అయితే ఏంటి?” ఎక్కడిదో రెండో రోజు సాయంత్రం తెలిసింది. 1967లో విలియం లాబోవ్, జాషువా వాలెట్స్కీ అనే ఇద్దరు భాషా పరిశోధకులు, మామూలు మనుషులు నోటితో చెప్పిన సొంత అనుభవాలను విడదీసి చూశారు. ప్రాణం పోతుందనుకున్న సందర్భం ఏదైనా ఉందా అని అడిగితే మనుషులు ఒళ్లు మరిచి చెబుతారని లాబోవ్ ఆ ప్రశ్న వాడేవాడు. అలా చెప్పిన వాటిలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఉంటుంది, చిక్కు ఉంటుంది, అది తేలడం ఉంటుంది. వీటితోపాటు ఇది ఎందుకు చెప్పదగ్గదో చెప్పేవాడే తెలియజేసే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్లు ఎవాల్యుయేషన్ అన్నారు. అది లేకపోతే వినేవాడు “అయితే ఏంటి?” అంటాడు. మేం చేసే పనికి కూడా అదే పేరు కావడం మా లీడర్‌కు భలే ఇష్టం. “ముందు ఆ పిల్లవాడు తన కథకు విలువ కట్టాడా లేదా చూడండి, తర్వాత మీరు కట్టండి” అనేది.

విలువ కట్టడమంటే చివర్లో నీతి చెప్పడం కాదని తెలుసుకోవడానికి నాకు ఇంకొన్ని రోజులు పట్టింది.

11వ తేదీ క్వాలిఫయింగ్ పరీక్ష. ఇరవై పేపర్లు, ఒక్కోదానికి మూడు అంకెలు, మొత్తం అరవై. ముందే నిపుణులు వేసిపెట్టిన అంకెలతో డెబ్బై శాతం, అంటే 42, అచ్చంగా కలవాలి. రెండే అవకాశాలు. పొద్దున నాకు 35 కలిశాయి. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలతో వచ్చింది. ఫెయిలవడం ఎలా ఉంటుందో మర్చిపోయి చాలా కాలమైంది. మధ్యాహ్నం తిండి సహించలేదు. మా లీడర్ వచ్చి పక్కన కూర్చుని నా అంకెలు చూసి, “మీరు భాష బాగుంటే మిగతా రెండిటికీ ఒక మార్కు ఎక్కువ వేస్తున్నారండీ. తప్పులుంటే మిగతా రెండిటికీ కోసేస్తున్నారు” అంది. చూస్తే నిజమే. పదకొండు పేపర్లలో మూడు అంకెలూ ఒకదాని వెంట ఒకటి నడిచాయి. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో అధికారులు తమ కింది వాళ్లకు వేసిన మార్కుల్లో దీన్నే పట్టుకున్నాడు. ఒక గుణం నచ్చితే సంబంధం లేని గుణాలకు కూడా ఎక్కువ వేసేశారు. హేలో ఎఫెక్ట్ అన్న పేరు నేను బీఎడ్‌లో చదివిందే, పరీక్షలో రాసిందే. నా చేతిలోనే అది పనిచేస్తోందని మాత్రం తోచలేదు.

మధ్యాహ్నం రెండో సెట్‌కు ఒక చిట్కా పెట్టుకున్నాను. ముందు విషయానికి అంకె వేసి, ఆ తర్వాత కూర్పు కోసం పేపరు పైనుంచి మళ్లీ ఒకసారి తిప్పి, భాషను ఆఖరికి ఉంచుకోవడం. 45 కలిశాయి. ఇద్దరు రెండోసారి కూడా దాటలేక ఆ సాయంత్రమే వెళ్లిపోయారు. ఒకావిడ నాకన్నా సీనియర్. వెళ్తూ మా అందరికీ చెయ్యి ఊపింది.

12వ తేదీ అసలు పని మొదలు. కాగితాలు ఉండవు, స్కాన్ చేసినవి స్క్రీన్ మీద వస్తాయి. పిల్లవాడి పేరు, బడి పేరు కనబడవు. ప్రతి పేపరునూ ఇద్దరు చదువుతారు, రెండోవాళ్లు ఎవరో, ఎంత వేశారో తెలియదు. ఏ అంశంలోనైనా రెండు మార్కులు, అంతకుమించి తేడా వస్తే మూడోవారికి వెళ్తుంది. మొదటి రోజు నేను 38 పేపర్లు చేశాను. మాస్టారు 61. సిగ్గేసింది. చివరి రోజుల్లో నేనూ 80 చేశాను, అంటే ఒక్కోదానికి నాలుగున్నర నిమిషాలు. ఒక పిల్లవాడు నలభై నిమిషాలు కూర్చుని రాసింది.

ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేవి చిన్న చిన్నవి. పెన్సిల్‌తో రాసిన పేపర్లు స్కాన్‌లో దాదాపు మాయమైపోతాయి, బ్రైట్‌నెస్ తగ్గించి కాంట్రాస్ట్ పెంచితే తప్ప కనబడవు. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. స్క్రీన్ కళ్ల ఎత్తుకు రావాలని రెండు పాత రిజిస్టర్లు దాని కింద పెట్టాను. ముఖ్యంగా పేజీల సంఖ్య చూసుకోవాలి. రెండో రోజు ఒక పేపరు సగంలో ఆగిపోయిందని కూర్పుకి ఒకటి వేసి ముందుకెళ్లిపోయాను. పది పేపర్ల తర్వాత అలాంటిదే ఇంకొకటి వస్తే మూలన “3లో 2వ పేజీ” అని కనబడింది. గుండె జారింది. సిస్టమ్‌లో వెనక్కి వెళ్లి మార్చుకునే వీలు చివరి ఐదు పేపర్లకే ఉంటుంది. చెయ్యెత్తి లీడర్‌ను పిలిచి జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను. “నంబరు రాసుకున్నారా?” అంది. రాసుకోలేదు. ఆవిడే నా లాగ్‌లో వెతికి తెరిచింది. మూడో పేజీలో ఆ పిల్ల కథను ఎంత బాగా తిప్పిందో చెబితే వివరాలు బయటపడతాయి. ఒకటి కాస్తా మూడైంది. ఆ తర్వాత ప్రతి పేపరుకూ ముందు పేజీల లెక్కే చూశాను.

ఇక పేపర్ల సంగతి. నిద్ర లేవడంతో మొదలయ్యేవి ఎన్నో. ఒక రోజు సరదాకి లెక్కపెడితే 71లో 19 అలాంటివే. లేచాను, పళ్లు తోముకున్నాను, తయారయ్యాను, బస్సెక్కాను, కిటికీ పక్కన కూర్చున్నాను. అసలు జరిగింది ఆఖరి నాలుగు వరుసల్లో. విసుగొచ్చేది. నా కాగితంలో ముప్పై ఐదు నిమిషాలు ఎలా ఖర్చయ్యాయో గుర్తొచ్చి ఆ విసుగు కొంత తగ్గేది. పిల్లలు జరిగిన వరసలో రాస్తారు, ఎందుకంటే వాళ్లకు జ్ఞాపకం ఆ వరసలోనే ఉంటుంది. ఏది వదిలేయాలో ఎవరూ చెప్పలేదు. నేనూ నా క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

తాతయ్యో అమ్మమ్మో చనిపోయిన కథలు చాలా వచ్చాయి. మొదటిది చదివినప్పుడు గొంతు పట్టుకుంది. ఐదోదానికి అనుమానమొచ్చింది. “కాలం ఎవరి కోసమూ ఆగదని ఆ రోజు నాకు అర్థమైంది” అన్న వాక్యం అక్షరం పొల్లుపోకుండా మూడు పేపర్లలో ఉంది. ఎవరో నేర్పించారు, పిల్లలు బట్టీపట్టారు. అచ్చుగుద్దినట్టున్న వాటిని గుర్తుపెట్టి లీడర్‌కు పంపాలి. మిగతావాటి విషయంలో నియమం నన్ను ఆశ్చర్యపరిచింది. నిజంగా జరిగిందా లేదా అన్నది మనకు అనవసరం. పేజీ మీద ఉన్నదానికే అంకె. తాత బతికే ఉన్నా సరే, చెప్పింది బాగుంటే నాలుగు వెయ్యాలి. నిజంగానే పోయినా, చెప్పింది బోలుగా ఉంటే రెండే.

మాస్టారు దీనికి ఒప్పుకోలేకపోయారు. “పాపం తాత పోయాడని రాస్తే రెండెలా వేస్తామండీ?” అని లీడర్‌నే అడిగారు.

“తాతగారికి వెయ్యట్లేదు మాస్టారూ, ఆ పేరాకి వేస్తున్నాం” అందావిడ.

ఆయన రెండే వేశారు. కానీ ఆ తర్వాత కాసేపు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆ పని నాకూ తేలిక కాలేదు. పెద్ద కష్టం రాసినవాళ్లకు చెయ్యి తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ వేస్తుంది, చిన్న సంగతి రాసినవాళ్లకు ఒకటి తక్కువ వేస్తుంది. మా అందరిలోనూ ఉన్న వంకర ఇదే. రబ్బరు గురించి రాసిన ఒక పేపరు దగ్గర అది బయటపడింది.

ఆ పేపరు 16వ తేదీన వచ్చింది. చేతిరాత కోడిగీతలు. ఒత్తులు లేవు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియదు. కథ ఇంతే. బెంచీలో పక్కన కూర్చునే స్నేహితుడు తన రబ్బరు దొంగిలించాడని వీడు అందరి ముందూ అన్నాడు. తొమ్మిది రోజులు మాటల్లేవు. పదో రోజు రబ్బరు వీడి సంచీలోనే, అడుగున కుట్టు ఊడిన చోట దొరికింది. ఎవరైనా ఇక్కడ సారీ చెప్పానని రాస్తారు. వీడు రాసింది ఇది, తప్పులు దిద్ది ఇస్తున్నాను: “దొరికిన రబ్బరును నేను చెత్తబుట్టలో వేసేశాను. దొరికిందని తెలిస్తే నేను సారీ చెప్పాలి. వాడే వచ్చి మాట్లాడాడు. కొత్త రబ్బరు సగం కోసి ఇచ్చాడు. అది వాడితే నా చెయ్యి బరువుగా ఉంటుంది. ఇప్పుడు వాడు నాతో మాట్లాడతాడు, నేనే మాట్లాడలేను.”

అక్కడితో అయిపోయింది. నీతి లేదు, నేర్చుకున్న పాఠం లేదు. మనసు ఎప్పుడు మారిందో కూడా పేరుపెట్టి చెప్పలేదు. అంతా ఆ సగం ముక్క రబ్బరులోనే ఉంది. లాబోవ్ చెప్పిన ఎవాల్యుయేషన్ అంటే ఏంటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. విషయానికి నాలుగు, కూర్పుకి మూడు, భాషకు ఒకటి వేశాను. సాయంత్రం అది మూడోవారికి వెళ్లిందని తెలిసింది. రెండో రీడరు విషయానికి రెండు వేశారు. కారణం గడిలో “చిన్న విషయం, సందేశం లేదు” అని రాశారు. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నేనేమైనా మురిసిపోయి వేశానా అని. యాంకర్లు తీసి మళ్లీ పోల్చి చూసుకున్నాను. రెండు రోజుల తర్వాత మూడోవారి అంకె వచ్చింది, నాలుగు. ఆ రోజు మా వరసలో నేనొక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. అదే 18వ తేదీ సాయంత్రం నన్ను పక్కకు పిలిచారు. మేం దిద్దే పేపర్ల మధ్య ముందే అంకెలు తేల్చిన పేపర్లు కొన్ని కలుపుతారు, ఏవో మనకు తెలియదు. వాటిని వాలిడిటీ పేపర్లంటారు. ఆ రోజు మధ్యాహ్నం నాకు వచ్చినవాటిలో సగంపైన తప్పాయి, అన్నీ ఒకే వైపు, తక్కువ వేస్తూ. ఎందుకో నాకు తెలుసు. భోజనానికి ముందు వరసగా మూడు అద్భుతమైన పేపర్లు వచ్చాయి. వాటి తర్వాత వచ్చిన మామూలు పేపర్లన్నీ వెలవెలబోయాయి. ఆ మధ్యాహ్నం చేసిన 31 పేపర్లూ నాకే తిరిగిచ్చి, గంటసేపు యాంకర్లు చదివించి, మర్నాడు పొద్దున మళ్లీ చేయించారు. 11 పేపర్లలో అంకె మారింది. ఏ పదకొండో ఆ పిల్లలకెప్పటికీ తెలియదు. ఆ వాలిడిటీ పేపర్లు లేకపోతే అలాగే వెళ్లిపోయేవి. బడిలో నేను రాత్రి పదింటికి దిద్దే నోటుబుక్కుల మధ్య ఇలాంటివి ఎవరూ కలపరు.

నాకూ నా రెండో రీడర్లకూ కలిసిన లెక్క కూడా అప్పుడే చూపించారు. విషయం అనే అంశంలో 62 శాతం అచ్చంగా కలిశాయి. బాగానే ఉందే అనుకున్నాను. లీడర్ తల అడ్డంగా ఊపింది. అందరం ఎక్కువగా రెండు, మూడే వేస్తాం కాబట్టి కళ్లు మూసుకుని వేసినా కొన్ని కలుస్తాయి. మా విషయంలో ఆ కాకతాళీయం వాటా 31 శాతం. దాన్ని తీసేస్తే మిగిలిన 69లో మేం నిజంగా కలిసింది, 62లోంచి ఆ 31 పోగా, 31, అంటే 0.45. దీన్ని కప్పా అంటారు, 1960లో జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన లెక్క. 62 అన్నప్పుడు ఉన్న ఊపు 0.45 అనగానే పోయింది. రెండో వారం చివరికి 0.58 అయింది. ఈ అంకెలకు ఇంత టెన్షన్ పడతానని అనుకోలేదు.

19వ తేదీ మధ్యాహ్నం మూడు దాటాక ఒక పేపరు తెరిచాను. చిన్న పేపరు, పేజీన్నర. మొదటి వాక్యం: “ఎవరికీ చెప్పకూడదు అనుకున్నాను.” అందులో ఏముందో ఇక్కడ రాయను. ఇంట్లో ఒక పెద్దవాడి వల్ల ఆ పిల్లకు భయం ఉందని మాత్రం చెబుతాను. మనసు మార్చుకున్న సందర్భం గురించి రాయమంటే, ఆ పిల్ల పరీక్ష హాల్లో కూర్చుని మనసు మార్చుకుంది. ఆఖరి వాక్యం, “చదివేవాళ్లు నాకు తెలియదు కదా అని రాస్తున్నాను.”

శిక్షణలో ఇలాంటివి వస్తే అలర్ట్ అనే బటన్ నొక్కమని చెప్పారు. రెండు నిమిషాలు చెప్పి వదిలేశారు, మేమూ తల ఊపాం. నొక్కాను. లీడర్ వచ్చి నిలబడే చదివింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. పేపరు నంబరు వేరే ఫారంలో రాసి, టైమ్ రాసి, ఇద్దరం సంతకం పెట్టాం. నంబరును బట్టి పిల్ల ఎవరో తెలుసుకుని బడికీ, పిల్లల రక్షణ చూసేవాళ్లకూ చెప్పడం పైవాళ్ల పని. మాకు ఆ పేరు చెప్పరు. అరగంటలో అది మా చేతుల్లోంచి వెళ్లిపోయింది.

“మార్కులు వెయ్యండి” అందావిడ.

నాకు అర్థం కాలేదు. ఇంకా వెయ్యాలా అని అడిగాను.

“వెయ్యకపోతే ఆ పిల్లకు సున్నా పడుతుందండీ. పరీక్ష రాసింది కదా.”

యాంకర్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు వేసెయ్యాలని ఉంది. వేసేస్తే నన్నెవరూ ఏమీ అనరు కూడా. కానీ కథ మధ్యలో తెగిపోయింది, ఎవరు ఎవరో కొన్నిచోట్ల తెలియలేదు, భయంతో గబగబా రాసినట్టు ఉంది. కూర్పుకి రెండు. భాషకు రెండు. విషయం దగ్గర ఇరవై నిమిషాలు ఆగిపోయాను. మూడు వేశాను. అది పేరాకి వేశానా, ఆ పిల్లకు వేశానా అంటే ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. ఆ రోజు ఇంకో పేపరు ముట్టుకోలేకపోయాను. లీడర్ కూడా అడగలేదు. మాస్టారు ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను, అందులో ఏముందో చెప్పకూడదు కదా. ఇంటికొచ్చి కూడా ఎవరికీ చెప్పకూడదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది ఈ పనిలో ఉన్న ఖర్చు, దీనికి ఎవరూ ముందు సిద్ధం చెయ్యరు.

ఆ తర్వాతి మూడు రోజులూ యంత్రంలా గడిచాయి. పేపరు తెరిచి మొదటి వాక్యం చదివే ముందు ఒక్క క్షణం ఆగేదాన్ని. మళ్లీ నిద్ర లేచి పళ్లు తోముకునే పిల్లలు వస్తే ప్రాణం లేచొచ్చేది. కిటికీ పక్క సీటు గురించి పేజీ రాసినా హాయిగా చదివాను, రెండు వేశాను.

24వ తేదీ సాయంత్రం నాలుగున్నరకు పేపర్లు అయిపోయాయి. మా కార్డులు తీసుకున్నారు, మేం రఫ్‌గా రాసుకున్న కాగితాలు కూడా లెక్కపెట్టి తీసుకున్నారు. మాస్టారు తన రఫ్ కాగితం మీద రోజుకొక గీత చొప్పున తొమ్మిది గీతలు గీసుకున్నారు, అంతే. వెళ్లే ముందు లీడర్ దగ్గరికెళ్లి ఆ 19వ తేదీ పేపరు సంగతి అడిగాను.

“తెలియజేశారట. అంతవరకే నాకూ చెప్పారు” అంది. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. ఆవిడ కూడా నేనేమైనా అడుగుతానేమోనని చూసింది.

డబ్బులు 37 రోజులకు, ఏప్రిల్ 2న పడ్డాయి. రోజు లెక్కన ఇస్తారు, పేపరు లెక్కన కాదు. కాబట్టి నాలా నిదానంగా చేసేవాళ్లు కంగారుపడక్కర్లేదు. శిక్షణ రోజులకు సగమే ఇస్తారు, ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూసుకోలేదు. దాంతోపాటు ఒక పేజీ పట్టిక పంపారు. దిద్దినవి 618. మూడోవారికి వెళ్లినవి 41. మళ్లీ చేయించినవి 31. పేజీ కింద, ఆఖరి గడిలో, అలర్ట్: 1.